సదిరే చేతులకు

పయనాల సదురుడా, నీకు దండం.

ఇల్లు మొత్తాన్ని తెచ్చి కండ్ల ముందర నేల మీద పరుస్తావు నువ్వు. పండుగకు కడిగినా, పెండ్లికి సున్నం వేసినా బయటపడనివి నీ పిలుపుకు బయటికొస్తాయి. సందుగ అడుగున మడిచిన బొంత, అటక మీద బోర్లించిన ఇత్తడి బిందె, బిందె కింద ఎప్పటిదో రబ్బరు బొమ్మ, దేవుని గూట్లో వేములవాడ రాజన్న పేరు మీద కట్టి మరిచిన ముడుపు, క్యాలెండర్ వెనుక రాసుకున్న పాల లెక్క. ఒక్కొక్కటీ చేతికి తగిలినప్పుడల్లా పట్టుకున్న మనిషి అక్కడే కూర్చుండిపోతుంది. "ఇది నువ్వు తొల్త బడికి పోయిన సంచి గాదురా" అని ఒక మాట లేస్తుంది. దాని వెనుక పది మాటలు లేస్తాయి. పొద్దు వంగుతుంది. పెట్టెలో మాత్రం ఒక తువాల తప్ప ఏమీ పడి ఉండదు. నిన్ను తొందరపెట్టడం నాకిష్టం లేదు. రోజులు పట్టనీ. ఇల్లు విడిచేవాళ్లకు ఆ ఇంటిని చేతులారా తాకే వ్యవధి ఇచ్చేది నువ్వొక్కదానివే.

సుల్తానాబాద్‌కు నువ్వు కొత్తదానివి కాదు. కరీంనగర్ నుంచి రామగుండం పోయే రాజీవ్ రహదారి మీద, రైస్‌మిల్లుల పొగగొట్టాల నడుమ ఉన్న ఊరు ఇది. ఉడికిన వడ్ల వాసనతో తెల్లవారుతుంది. శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో పారి పొలాలు పచ్చబడ్డ ఏడాదీ, నీళ్లందక మళ్లు నెర్రెలు వాసిన ఏడాదీ ఇక్కడి నుంచి మనుషులు కదులుతూనే ఉన్నారు. మూడు బాయిల లెక్క మా దిక్కు చిన్నపిల్లలకూ తెలుసు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. బొగ్గుబాయి దగ్గరిదే, గోదావరిఖనికి సద్ది కట్టుకొని పోతే చాలు. బొంబాయికి ఒక బొంత, ఒక చెంబు. దుబాయి దాకా వచ్చేసరికి నువ్వు పెద్దదానివయ్యావు.

1973లో చమురు ధర ఎగిసి ఎడారి దేశాల్లో కట్టడాలు లేవడం మొదలైన నాటి నుంచి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెలు ఇంటికొక మగమనిషిని పంపుతూ వచ్చాయి. మా బాపు ఆ వరుసలోనివాడు. అప్పట్లో బొంబాయి పోయి విమానం ఎక్కాలి. 1983లో వలసల చట్టం వచ్చాక, పెద్ద చదువు లేని కూలీ మనిషి పాస్‌పోర్టు మీద దేశం దాటడానికి ఇంకో అనుమతి పడాలి. ఆ కాగితం వచ్చిందాకా అమ్మ సదిరిన పెట్టె అర్రలో ఒక మూలకు కూర్చునేది. రెండు లుంగీలు, మూడు అంగీలు, ఒక చెద్దరు, ఒక తువాల, చింతకాయ తొక్కు, ఎల్లిగడ్డ కారం, దారిలోకి సకినాలు, అందరం వరుసగా నిలబడి దిగిన ఒక ఫొటో. అంతే. ఒక్క మనిషి బట్టలకు పెట్టె నిండదు. ఇంకా జాగ మిగిలేది. ఆ జాగలో పట్టగలవాళ్లం మేం దర్వాజ పట్టుకొని చూస్తూ నిలబడేవాళ్లం.

ఎందుకు ఒక్కడే పోయేవాడో పెద్దయ్యాక తెలిసింది. ఇవాళ్టికీ యూఏఈలో భార్యాపిల్లలను పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతమైనా ఉండాలి, లేదా 3,000 జీతంతో పాటు ఇల్లైనా ఉండాలి. ఇటుకలు మోసేవాడి జీతం, సెంట్రింగ్ కొట్టేవాడి జీతం ఆ గీత కిందనే ఆగిపోతుంది. అందుకే ఎడారికి పోయిన మా ఊళ్ల పెట్టెల్లో చిన్న గౌను ఉండదు. గాజుల డబ్బా ఉండదు. పలక ఉండదు. మనిషిని ఇంటి నుంచి ఒలిచి పంపినట్టే పంపారు.

ఆ పెట్టెలు సదిరిన ఆడవాళ్లకు దండం. తాము ఎన్నడూ ఎక్కని విమానానికి, తాము ఎన్నడూ చూడని గదికి, ఎనిమిది మంది పడుకునే గదిలో ఒక మంచం కింది జాగకు సరిపడా సదిరారు. అక్కడ ఎండ ఎంతో తెలియక పలుచటి బట్టలు పెట్టారు, చలి ఎంతో తెలియక చెద్దరు పెట్టారు. గసగసాలు పెట్టవద్దని, గల్ఫ్‌లో అవి దొరికితే జైలేనని, వచ్చిపోయేవాళ్లు చెప్పగా విని వంటింట్లో గసాల డబ్బానే పక్కకు పెట్టారు. అమ్మ ఇప్పటికీ ఎవరి పెట్టె సదిరినా ముందు ఆ మాటే అంటుంది.

ఎన్నిసార్లు నీ కష్టం ఎడారిలో కలిసిపోయిందో. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు, ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో దేశానికి వచ్చిన దాదాపు లక్షా డెబ్బై వేల మందిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సామాను గదుల్లో అలాగే ఉండిపోయింది. చేతి సంచితో దిగినవాళ్లున్నారు, అదీ లేక దిగినవాళ్లున్నారు. ఇంకో పెట్టె కూడా ఉంది. దాన్ని ఇక్కడి చేతులు సదరలేదు. శంషాబాద్‌లో దిగి, అంబులెన్సులో ఈ రహదారి మీదనే ఊళ్లకు వచ్చే పెట్టె అది. ఆ పెట్టె ఆగిన వాకిళ్లు మా మండలాల్లో చాలా ఉన్నాయి. వాటి ముందు నుంచి నడిచేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతాం.

సముద్రం దాటిన తెలుగు మూటల కథ మాతో మొదలు కాలేదు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవులో ఆగింది. చెరకు తోటల్లో కూలికి ఒప్పందం రాసి ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లున్నారు, ఆలుమగలూ పిల్లలూ కలిసి ఎక్కిన కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల మూటల్లో ఏమున్నదో రాసిపెట్టినవాళ్లు లేరు. కానీ 1931లో వాళ్ల బిడ్డల బిడ్డలు దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ మూటలు ఎవరో శ్రద్ధగా కట్టే ఉంటారని నేను నమ్ముతాను.

ఇప్పుడు మా ఇంటి వంతు. తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు టెక్సాస్ పోతున్నారు. నాలుగు టికెట్లు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. ఎనిమిది పెట్టెలు, 184 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపితే 158 సెంటీమీటర్లు దాటవద్దు. తమ్ముడు టేపు పట్టుకొని కొలిచాడు. అమ్మ జానలు వేసి కొలిచి, సరిపోయిందని తలూపింది.

పెట్టెలు తెరిచి వరుసగా పెడితే నడిమింట్లో కాలు పెట్టే చోటు లేదు. ఒక్కో పెట్టెలో మొదట ఒక పసుపు కొమ్ము వేసింది అమ్మ. ఆ తర్వాత బట్టలు. బాపు దుబాయిలో ఉన్న ఏండ్లన్నీ ఆమె బీడీలు చేసి ఇల్లు నడిపింది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, రోజుకు వెయ్యి బీడీలు. ఆ వేళ్లే ఇప్పుడు తునికాకులో తంబాకు చుట్టినంత బిర్రుగా పిల్లల అంగీలను చుట్టాయి. ఒక్క చుట్ట విడిపోలేదు. మడత పెడితే నిండిపోయే పెట్టె, చుట్టి పెడితే సగానికే ఆగింది. మరదలు ఆశ్చర్యంగా చూస్తుంటే, "నీ చీరెలు దేమ్మా, ఇంక శానా జాగున్నది" అంది.

బట్టల వరుసలో మేనకోడలి గౌను వచ్చింది. పచ్చది, గొంతు దగ్గర చిన్న కుచ్చులు. దాన్ని పెట్టె నడుమ పెట్టి అమ్మ అరచేతితో ఒత్తింది. ఒత్తిన చెయ్యి కొంచెంసేపు తియ్యలేదు. పక్కనే గాజుల డబ్బా, దాని పక్కన పిల్లవాడి పలక. ఇంత కాలం ఈ ఇంటి నుంచి పోయిన ఏ పెట్టెలోనూ ఇవి మూడూ లేవు. సదురుడా, నీకు ఇన్ని మాటలు రాస్తున్నది ఇందుకే. ఒలిచి పంపుడు నువ్వు చాలా చేశావు, మా వాళ్లు నీతో చాలా చేయించారు. ఆలూమగలు, పిల్లలు ఒక్కచోటనే ఉండేలా సదిరే భాగ్యం ఈ నేలకు ఆలస్యంగా దక్కింది. దుబాయి పెట్టెల్లో మిగిలిపోయిన జాగంతా అమ్మ ఇప్పుడు నింపుతున్నట్టు నాకు అనిపించింది.

తొక్కు కట్టడం చూడాలి. మామిడికాయ తొక్కు రెండు రోజులు మూత తీసి పెట్టి, పైకి తేలిన నూనె గంటెతో తీసింది. నూనె తక్కువైతే కారడం తక్కువ. మందపాటి కవర్లో పోసి, గాలి పోయేలా బల్ల మీద వేసి ఒత్తింది. మూతిని కొవ్వొత్తి మంట మీద ఆనీ ఆనకుండా తిప్పి అతికించింది. ఆ కవర్‌ను ఇంకో కవర్లో, దాన్ని మూడో కవర్లో పెట్టి, ప్రతిసారీ ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. మూడో కవర్ దాటి వాసన రాలేదు. అప్పుడు బాపు పాత లుంగీ ఒకటి తెచ్చి మొత్తం చుట్టి, ప్లాస్టర్ వేసింది. అట్లా ఆరు పొట్లాలు. ఎక్కడ పెట్టాలన్నది అసలు చదువు. పెట్టె అంచుకు పెడితే దెబ్బ తగులుతుంది, అడుగున పెడితే బరువు పడుతుంది. బొంత నడుమ, నాలుగు దిక్కులా మెత్తటి బట్టలు ఉండే చోట పెట్టింది. షాపుల్లో గాలి తీసి ప్యాక్ చేసి ఇస్తారని తమ్ముడు అన్నాడు. నిజమే, కరీంనగర్‌లో ఆ మిషన్లు ఉన్నాయి, పని శుభ్రంగానే చేస్తారు. అయినా ఆ పొట్లాలను అమ్మ చేతిలోంచి తీసుకుపోవడానికి నాకు మనసు రాలేదు.

పసుపు, కారం, నువ్వుల పొడి పెద్ద పెట్టెల్లోకి పోయాయి. 350 మిల్లీలీటర్లకు మించిన పొడులు చేతి సంచిలో ఉంటే అమెరికా పోయే విమానాలకు విడిగా తనిఖీ చేస్తారు. సల్ల మిరపకాయలు, వడియాలు చీరెల మడతల నడుమ దూరాయి. సర్వపిండి కాల్చే గంజు ఒకటి, కాలి కాలి నల్లబడ్డది, గట్టిగా బరువున్నది. దాని గురించి పెద్ద పంచాయితీ జరిగింది, మళ్లీ చెప్తాను. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇంట్లో మిక్సీ అక్కడ తిరగదు. అక్కడి కరెంటుకు తగ్గది ఇక్కడే కొన్నారు. బతుకమ్మ పేర్చే తాంబాళం మరదలు తానే పాత పట్టుచీరెలో చుట్టింది. గునుగు పూలు పోవు, తంగేడు పూలు పోవు. తాంబాళం పోతుంది. కరీంనగర్ వెండితీగల కుంకుమ భరిణె ఆమె చేతి సంచిలో ఉంది, ఎవరికీ ఇవ్వలేదు.

కాగితాల సంచి తమ్ముడిది. పుట్టిన సర్టిఫికెట్లు, పెండ్లి సర్టిఫికెట్, బడి టీసీలు, పిల్లల టీకాల కార్డులు, మందుల చీటీలు. ఆ సంచి గురించి నాకు చెప్పాల్సిందేమీ లేదు, అది పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

బాపు మూలకు కుర్చీ వేసుకొని మార్కర్ పెన్ను పట్టుకున్నాడు. పెట్టెల మీద పేర్లు రాయడం ఆయన పని. దుబాయి పోయేనాడు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసుకునేవాడు: పేరు, సుల్తానాబాద్, కరీంనగర్ జిల్లా. బొంబాయిలోనైనా, దుబాయిలోనైనా ఆ పేరు చూసి మన ఊరివాళ్లు పలకరించేవాళ్లట. ఇప్పుడు తమ్ముడి టెక్సాస్ చిరునామా రాసి, దాని కింద సుల్తానాబాద్ అని రాసి, జిల్లా దగ్గర ఆగాడు. 2016 అక్టోబరు 11 నుంచి మాది పెద్దపల్లి జిల్లా. పెద్దపల్లి అని రాశాడు. జిప్పుల పెట్టెలకు తాళ్లు అక్కరలేదని చెప్పినా వినలేదు. సుతిలి తాడు వద్దంటే ఒప్పుకొని, ఎర్రగుడ్డ పీలికలు చింపి ప్రతి పెట్టె చేతిపిడికీ కట్టాడు. "అందరియి నల్ల పెట్టెలే ఉంటయి కొడుకా. బెల్టు మీద దూరం కెల్లి కనవడాలె" అన్నాడు. అన్నేండ్లు బెల్టు దగ్గర ఒంటరిగా నిలబడ్డ మనిషి చెప్పిన మాట. తమ్ముడు ముడులను ఇంకొంచెం బిగించాడు.

పెట్టెలు జోకడానికి మిల్లుకు తీసుకుపోయాం. ఇంట్లో తక్కెడ చిన్నది, ఇంత బరువుకు నమ్మకం లేదు. మిల్లు కాంటా మీద రోజూ వడ్ల బస్తాలు తూగుతాయి. సేటు ఏమీ అనలేదు, "అమెరికా పెట్టెలా, కానీయుండ్రి" అన్నాడు. బస్తాలు ఎత్తే పిల్లవాడు బీహార్ నుంచి వచ్చినవాడు. మా మిల్లుల్లో హమాలీ పని ఇప్పుడు ఎక్కువగా వాళ్లదే. వడ్ల పొట్టు అంటిన చేతులను తువాలతో తుడుచుకొని మరీ పెట్టెను ఎత్తి కాంటా మీద పెట్టాడు. "పచ్చీస్, అమ్మా" అన్నాడు. రెండు కిలోలు ఎక్కువ.

అమ్మ అంకెను చూసింది, పెట్టెను చూసింది. "వడ్లు జోకినప్పుడు గన్ని సంచి బరువు తీస్తరు గద. ఈ పెట్టె బరువు తియ్యరా?" అని అడిగింది.

"తియ్యరమ్మా. విమానపోళ్లు పెట్టెతోనే జోకుతరు."

ఖాళీ పెట్టెనే నాలుగు కిలోల పైన ఉంటుంది. అంటే 23లో మన సామాను పంతొమ్మిది కూడా కాదు. ఎన్నో సీజన్లు కాంటా ముందు తరుగు గురించి కొట్లాడిన అమ్మకు ఈ లెక్క న్యాయంగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. పెట్టెను అక్కడే, బస్తాల నడుమ తెరిచాం. గంజు తీసేద్దామని తమ్ముడు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "అంగట్ల దొరికేది తియ్యి. దొరకనిది ఉంచు" అంది. తమ్ముడి ఇంజినీరింగ్ పుస్తకాలు రెండు బయటికి వచ్చాయి. పిల్లల నిక్కర్లు కొన్ని, సల్ల మిరపకాయల పొట్లం ఒకటి బయటికి వచ్చాయి. గంజు ఉంది. కాంటా 22.8 దగ్గర ఆగింది.

పోయే ముందు అమ్మ ఆ హమాలీ పిల్లవాడిని తనకొచ్చిన ఉర్దూలో అడిగింది, ఊరి నుంచి వచ్చేటప్పుడు నీ సామాను కౌన్ బాంధా అని. వాడు నవ్వి, "మా" అన్నాడు. ఒక్క సంచేనట. ఆ తల్లికీ దండం. ఆమె ఏ ఊరిలో, ఏ దీపం ముందు కూర్చొని ఆ సంచి కట్టిందో, సుల్తానాబాద్ మిల్లు ఎట్లా ఉంటుందనుకొని కట్టిందో.

పోనివాటి గురించి చెప్పాలి. బియ్యం పండించే, బియ్యం ఆడించే ఊరి నుంచి గుప్పెడు బియ్యం పోవు. ఖప్రా అనే గింజ పురుగు భయంతో, అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం రాకుండా 2011లో అమెరికా ఆపేసింది. ఆ జాబితాలో మన దేశం ఉంది. మిల్లుల మధ్య బతికేవాళ్లం, గింజ పురుగు ఎంత చెరుపు చేస్తుందో మాకు తెలుసు. తప్పు పట్టను. కల్యమాకు పోదు. నారింజ, నిమ్మ తోటలకు తెగులు మోసే చిన్న పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. కుడుకలు పోవు. కుడుకలో నూనె ఉంటుంది, వేడికి అంటుకునే గుణం ఉంటుంది, అందుకని 2022 మార్చి నుంచి విమానం కడుపులోకి పోయే సామానులో ఎండుకొబ్బరి పెట్టనివ్వడం లేదు.

ఈ మూడూ విన్నప్పుడు మరదలి తల్లి ముఖం చిన్నబోయింది. బిడ్డకు ఒడిబియ్యం పొయ్యడానికి వచ్చింది ఆమె. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఎండు ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, కనుము గుడ్డ, అన్నీ తెచ్చింది. సముద్రం దాటే బిడ్డకు ఒడి నింపకుండా ఎట్లా పంపుతుంది?

"వదినె, పొయ్యి. పొయ్యకుంటెట్ల? ఈన్నే వండుదం" అంది అమ్మ.

పోసింది. మరదలు కొంగు పట్టి కూర్చుంటే దోసిళ్లతో పోసింది. పిల్లలిద్దరూ తల్లి పక్కన ఆనుకొని కూర్చొని చూశారు. కొంగు బరువుకు మరదలి భుజం వంగింది. ఆ బరువును జోకే కాంటా లేదు, ఆ బరువుకు హద్దు పెట్టిన టికెట్ లేదు. మరునాడు ఆ బియ్యమే వండారు. వాడకట్టంతా వచ్చి తిన్నది. కుడుకలను తురిమి, బెల్లం కలిపి గరిజెలు చేశారు. తెల్లవారుజాము దాకా పొయ్యి ఆరలేదు. సదురుడా, పెట్టెలో పట్టనిదాన్ని నువ్వు వదిలేస్తావని అనుకునేదాన్ని. వదలవు. ఆకులో వడ్డిస్తావు, పక్కింటి గిన్నెలో పోస్తావు. పిల్లవాడి సైకిల్ ఎదురింటి పిల్లవాడికి పోయింది, వాడే సీటు దించి ఇచ్చి వచ్చాడు. బడి బట్టలు, పుస్తకాలు ఇంకో ఇంటికి. కూలర్ మరదలి చెల్లెకు. పంచినవన్నీ సంజె వేళకల్లా ఏ ఇంటికి ఆ ఇంట్లో పనిలో పడ్డాయి.

అమ్మ, బాపు పోవడం లేదు. ఎనిమిది పెట్టెల్లో వాళ్ల బట్టలు లేవు. ఒకనాడు మేం దర్వాజ పట్టుకొని నిలబడ్డ చోటనే ఇప్పుడు వాళ్లిద్దరూ నిలబడాలి. ఇది నొప్పి కాదని నేను రాయను. అమ్మ మాత్రం పెట్టె ఒక్కొక్కటీ జిప్పు వేస్తున్నప్పుడు, నాలుగు పేర్లూ పైకి చదివి, నలుగురి బట్టలూ ఉన్నాయని చేతితో తడిమి చూసుకొని మరీ మూసింది. ఆమెకు ఏది ముఖ్యమో ఆ చేతికి తెలుసు.

పోయేనాడు పొద్దున్నే పోచమ్మకు కొబ్బరికాయ కొట్టాం. పక్కింటి ముత్తైదువ నీళ్ల బిందెతో ఎదురు వచ్చింది. ఎనిమిది పెట్టెలు రెండు కార్లకెక్కాయి, ఎర్ర పీలికలు కిటికీ అద్దాలకు తగులుతున్నాయి. కరీంనగర్, సిద్దిపేట మీదుగా శంషాబాద్ దాకా రెండు వందల కిలోమీటర్లు దాటిన దారి. "పైలం బిడ్డా, తొక్కు పొట్లాలు దిగంగనే తీసి చూడు. తిండి సామాను ఉన్నదని ముందే చెప్పుండ్రి, దాయకుండ్రి" అని అమ్మ కిటికీలోంచి చెప్తూనే ఉంది. దాచిపెడితే జరిమానా వేస్తారు, చెప్పి చూపిస్తే చూసి పంపుతారు. ఆ సంగతి తమ్ముడు చెప్పగా ఆమె బాగా గుర్తు పెట్టుకుంది.

మన ఊళ్లలో ఎవరి పెట్టె వాళ్లదే కాదు. హైదరాబాద్‌లో పెట్టె మూసే ఇంటికి వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి ఫోన్లు వస్తాయి: మా బిడ్డకు అరకిలో కారం, మా మనుమరాలికి ఒక లంగా జాకెట్, మా అల్లునికి మోకాళ్ల నొప్పుల నూనె. ఇచ్చేవాళ్లు మొహమాటపడుతూ ఇస్తారు, పెట్టుకునేవాళ్లు తమది ఒకటి తీసి మరీ పెట్టుకుంటారు. తెలుగువాళ్లు ఉన్న ప్రతి దేశానికీ ఇట్లా ఒకరి పెట్టె మూలలో ఇంకొకరి ఇల్లు పోతూనే ఉంది. సదురుడా, నీ పనిలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే.

వాళ్లు దిగినట్టు ఫోన్ వచ్చింది. ఎనిమిదీ అందాయి, ఒక్క పొట్లం కారలేదు, పిల్లలు గరిజెలు తింటున్నారు. ఆ ఫోన్ పెట్టేసిన వెంటనే అమ్మ గూట్లో చూసింది. మిల్లులో తీసేసిన సల్ల మిరపకాయలు, నిక్కర్లు, అక్కడే ఉన్నాయి. చుట్టాల్లో ఒకావిడ బిడ్డ వచ్చే నెల అమెరికా పోతున్నదని నేనే చెప్పాను. నంబర్ కలిపి ఇవ్వమంది.

"వదినె, బాగున్నరా? పిల్ల పయనమైతున్నదట గద. ఏం లేదు, రెండు కిలోలే. పెట్టెల ఓ మూలకు జాగుంటె సాలు. ఎట్ల వడతదో నేను జూస్త. మీరు తిప్పలు వడకుండ్రి, నేనే వచ్చి సదురుత."